కుట్టు విప్పిన పేర్లు

పదకొండో వారం

మరిచిపోయినవాళ్ళకూ, ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళకూ ముందుగా నాలుగు మాటలు. సోల్ నగరంలో ఒక పత్రిక సినిమా పేజీకి రాసే మో దాన్‌బీ తొమ్మిది రోజులుగా ఒకే గొడవ వెంట పడి తిరుగుతోంది. యూ సెరిన్ అనే నటి ఉంది. టీవీలో నూడుల్స్ దగ్గర్నుంచి బ్యాంకు దాకా ఏది అమ్మాలన్నా ఆమె నవ్వే కావాలి. దేశం దేశమంతా ఆమెను ‘మన చెల్లెలు’ అంటుంది. ఆ చెల్లెలు పదిహేనేళ్ళ కిందట హేసాంగ్‌పో అనే రేవుపట్నంలో, ఆడపిల్లల బడిలో తనను కాల్చుకు తిన్నదని ప్యోన్ చోరోంగ్ అనే ఆవిడ ఇంటర్నెట్లో రాసింది. తన ఆటల చొక్కాలు ఒకదాని తర్వాత ఒకటి మాయం చేసి, ఆటలకు చొక్కా తేలేదని అందరి ముందూ నిలబెట్టి నవ్విందట. ఆ అవమానం పడలేక రెండో ఏడు మధ్యలోనే ఆ బడి వదిలి వెళ్ళిపోయిందట. సాక్ష్యంగా బడి రికార్డు ఒకటీ, ఆటలపోటీల రోజు తీసిన ఫొటో ఒకటీ పెట్టింది.

మూడు రోజులపాటు లోకం సెరిన్‌ను తిట్టిపోసింది. నాలుగో రోజు ఉన్నట్టుండి ఇటు తిరిగి చోరోంగ్‌ను తిట్టిపోయడం మొదలుపెట్టింది. కారణం ఆ ఫొటోలో చోరోంగ్ వేసుకున్న చొక్కా రంగు.

ఆ బడిలో ఆటల చొక్కాలకు మూడు రంగులు: నీలం, ఆకుపచ్చ, ముదురెరుపు. చేరిన ఏడాదిని బట్టి రంగు, మూడేళ్ళూ అదే రంగు. చదువు ముగించి వెళ్ళిపోయేవాళ్ళ రంగు కొత్తగా చేరేవాళ్ళకు వస్తుంది. సెరిన్ చేరిన ఏటిది నీలం. ఆమె తరగతే నాదీ అంటున్న చోరోంగ్ ఫొటోలో ఆకుపచ్చ వేసుకుని నిలబడింది. ఆకుపచ్చంటే ఒక ఏడు పైవాళ్ళు. పై తరగతి అక్కను కింది తరగతి పిల్ల ఏడిపించడమా, ఈ దేశంలో ఎక్కడైనా విన్నామా అని అభిమానులు ఎగిరిపడ్డారు. పోనీ ఎవరో వాడిన చొక్కా అనుకుందామన్నా కుదరదు. వెళ్ళిపోయేవాళ్ళు తమ బట్టలు కొత్తగా చేరేవాళ్ళకు ఇచ్చిపోవడం ఆ బడి ఆనవాయితీ. రంగు కలుస్తుంది కనుకనే ఆ ఆనవాయితీ. కాబట్టి చొక్కా ఆమెది కాదు, కాబట్టి రికార్డు దొంగది, కాబట్టి మనిషే పచ్చి అబద్ధాలకోరు. ఇంత చక్కగా అతికిన లెక్కను కాదనేవాళ్ళెవరు?

దాన్‌బీ కూడా కాదనలేదు. సెరిన్ పనులు చూసే కంపెనీ లాయరు నోటీసు అందిన రోజు నుంచీ చోరోంగ్ ఫోన్ ఎత్తడం మానేసింది. దాన్‌బీ కూర్చుని ‘ఒక ఆరోపణ ఎలా కూలింది’ అని పెద్ద వ్యాసం రాసి ఎడిటర్ చేతిలో పెట్టింది. సాయంత్రం ఐదున్నరకు అది జనంలోకి వెళ్ళాలి. బడి ఎదురుగా ముప్పై ఏళ్ళుగా చొక్కాల మీద పేర్లు కుడుతున్న ముసలావిడ ఒకామె ఉందనీ, రంగుల సంగతి ఆవిడ నోట కూడా ఒక్క మాట చెప్పిస్తే వ్యాసం నిండుగా ఉంటుందనీ, పొద్దున్నే రైలెక్కి హేసాంగ్‌పోలో దిగింది. పోయిన వారం ఆమెను ఆ దుకాణం గుమ్మంలో వదిలి వచ్చాం.

గుమ్మంలోంచి లోపలికి అడుగు పెడదామంటే చోటు లేదు.

ఫిబ్రవరి ఆఖరు వారం. మార్చి రెండున బళ్ళు తెరుస్తారు. ఊళ్ళో ఉన్న తల్లులంతా కొత్త చొక్కాలు చంకన పెట్టుకుని, కూతుళ్ళ రెక్కలు పట్టుకుని అక్కడే ఉన్నారు. కుట్టుమిషను ఆగకుండా గరగరమంటోంది. దాని వెనక ముణగదీసుకుని కూర్చున్న కన్నాన్ అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళజోడు ముక్కు చివరకు జారి ఉంది. పక్కన ఇస్త్రీపెట్టె దగ్గర కోడలు.

“అవ్వా, నేను సోల్ నుంచి వచ్చానండీ. పత్రికలో పని చేస్తాను. ఒక్క ప్రశ్న…”

“చొక్కా తెచ్చావా?” అవ్వ తలెత్తలేదు.

“లేదండీ.”

“తేనిదానివి లైనులో ఎందుకు నిలబడ్డావు? అటు జరుగు. ఊరికే కూర్చోకు, ఆ కత్తెర తీసుకుని దారాల కొసలు కత్తిరించు.”

జాతీయ స్థాయి నటుల చేత కన్నీళ్ళు పెట్టించి మాట్లాడించిన దాన్‌బీ, నోరు మూసుకుని పీట మీద కూర్చుని దారాలు కత్తిరించింది. గంటన్నర. ఈలోగా ఎడిటర్ తక్ సార్ ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఆరోసారికి ఆమె ఎత్తి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఏమ్మా తల్లీ, ఒక్క మాట తేవడానికి వెళ్ళినదానివి అక్కడే కాపురం పెట్టావా?”

“వస్తున్నా సార్. అవ్వకు ఖాళీ లేదు.”

“మనకూ లేదు. పక్క పత్రికల వాళ్ళు మనకంటే ముందే వేసేస్తే ఆ వ్యాసం ఎందుకూ పనికిరాదు. అవ్వ చెప్పినా చెప్పకపోయినా ఐదున్నరకు నొక్కేస్తాను.”

“నేను చెప్పేదాకా నొక్కకండి సార్. మీకు దణ్ణం పెడతాను.”

అవతల తక్ సార్ నిట్టూర్చాడు. ఆ దణ్ణం ఎక్కడ్నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. రెండేళ్ళ కిందట దాన్‌బీ ఒక గాయకుడి గురించి రాసింది. ముగ్గురు మూడుచోట్ల ఒకే మాట అంటున్నారు, ముగ్గురూ అబద్ధమాడతారా అనుకుంది. ఆ ముగ్గురూ ఒక్కడేనని, మూడు పేర్లతో వాడే రాశాడని, నాలుగు నెలల తర్వాత బయటపడింది. అప్పటికి ఆ గాయకుడు పాట మానేసి సొంతూళ్ళో కోడి వేపుళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. దాన్‌బీ క్షమాపణ చెప్పడానికి వెళితే, ఆయన ఏమీ అనకుండా ఒక పొట్లం కట్టి చేతికిచ్చాడు. అది తినలేక, పారెయ్యలేక రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇంకెప్పుడూ ఆరోపణను గుడ్డిగా నమ్మనని ఒట్టు వేసుకుంది. అందుకే ఈసారి ఆకుపచ్చ చొక్కా కనబడగానే ఆమె మనసు ఎగిరి గంతేసింది. ఆరోపణను గుడ్డిగా నమ్మకూడదన్నది నేర్చుకుంది గానీ, దాని ఖండనను కూడా అలాగే గుడ్డిగా నమ్మకూడదన్న సంగతి పాపం ఇంకా నేర్చుకోలేదు.

నాలుగు కావస్తుండగా తల్లులు పలచబడ్డారు. అవ్వ బార్లీ టీ ఒక గుక్క తాగి, కళ్ళజోడు పైకి నెట్టి, ఇప్పుడు అడుగు అన్నట్టు చూసింది.

దాన్‌బీ ఎవరి పేరూ చెప్పలేదు. ఆ మాత్రం పని ఆమెకు వచ్చు. పేరు ముందు మనమే అందిస్తే అవతలివాళ్ళకు లేని జ్ఞాపకం కూడా పుట్టుకొస్తుంది.

“అవ్వా, ఈ బడిలో నీలం ఏటి పిల్లలు ఆకుపచ్చ చొక్కా వేసుకోవడం ఉంటుందా?”

“చస్తే వేసుకోరు. చేరిన ఏటి రంగూ చొక్కా రంగూ కలవకపోతే గేటు దగ్గరే టీచరు చెవి మెలేస్తుంది. ముప్పై ఏళ్ళలో నేనెన్నడూ వేరే రంగు మీద పేరు కుట్టలేదు.”

అదే కావలసింది. దాన్‌బీ మాటకు మాట రాసుకుంది. రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, మళ్ళీ చెప్పించి రికార్డు చేసుకుంది. తక్ సార్‌కు ‘దొరికింది, వేసెయ్యండి’ అని టైపు చేసింది. వేలు పంపే గుర్తు మీద పెట్టబోతూ మర్యాదకు వంగి నమస్కారం పెట్టింది. “వెళ్ళొస్తానవ్వా. మీ దయ.”

“వెళ్ళు.” అవ్వ మిషను మీద చెయ్యి వేసి, ఎందుకో ఆగింది. “ఒక్క పిల్లకు తప్ప.”

దాన్‌బీ వేలు ఫోను మీద అలాగే నిలిచిపోయింది.

“ఏమన్నారు?”

“ఒక్క పిల్లకు కుట్టాను. ఆకుపచ్చ మీద. దాని గురించి తర్వాత బాధపడ్డాను కూడా.”

దాన్‌బీ టైపు చేసినదంతా ఒక్క వేటున చెరిపేసి, మళ్ళీ పీట మీద కూలబడింది. “చెప్పండవ్వా. మీకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి. గుర్తులేనిది లేదనండి, నేనేమీ అనుకోను.”

“నాకు మతి బాగానే ఉంది పిల్లా, నువ్వేమీ అనుకోనక్కర్లేదు.” అవ్వ విసుక్కుని చెప్పడం మొదలుపెట్టింది. “చిన్న పిల్ల. చేతులు ఎప్పుడూ స్వెట్టరు లోపలికి లాక్కుని ఉండేది. వేసవిలో వచ్చి ఆటల చొక్కా పోయిందంది. నీలం. కొత్తది కుట్టించుకు వెళ్ళింది. నెల తిరక్కుండా మళ్ళీ పోయిందని వచ్చింది. ‘ఏమే, చొక్కాలు నములుతున్నావా’ అని నవ్వాను. అది నవ్వలేదు. మూడోసారి వచ్చినప్పుడు నా దగ్గర అమ్మడానికి నీలం లేదు, ఆ ఏటికి అయిపోయాయి. దాని చేతిలో కూడా ఏమీ లేదు. తెల్లారితే ఆటల పోటీలట. చొక్కా లేకుండా వెళితే నిలబెడతారట. ఎవరు నిలబెడతారే అంటే నోరు విప్పదు. అంతకుముందు ఆకుపచ్చ ఏటి పిల్ల ఒకతి కుట్టించమని చొక్కా ఇచ్చి, ఊరు మారిపోయి తీసుకోనే లేదు. నాదేం పోయింది, పేరు మార్చి ఇచ్చాను.”

“ఏ పేరు కుట్టారు?”

“ప్యోన్ చోరోంగ్.”

ఆ పేరు ఈ దుకాణంలో దాన్‌బీ ఒక్కసారి కూడా పలకలేదు.

“అవ్వా… ఇది ఏ ఏడో చెప్పగలరా?”

“చెప్పలేకేం? మా ఆయన పోయిన ఏడు. ఆయన పోయాక నలభై తొమ్మిదో రోజున చేసే పూజకు దుకాణం మూసేద్దామని తలుపు లాగుతుంటే వచ్చి నిలబడింది.” అవ్వ గోడమీద ఫొటో కేసి గడ్డం ఎగరేసింది. ఫొటో కింద ఆయన పోయిన తారీఖు ఉంది. దాన్‌బీ వేళ్ళమీద లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు లెక్కపెట్టింది. చోరోంగ్ రెండో ఏడు, అక్టోబరు మొదటివారం. ఫొటోలో ఆటలపోటీల బ్యానరు మీదున్న తేదీ, ఆ పూజకు సరిగ్గా మర్నాడు.

లోకమంతా అబద్ధానికి రుజువని ఎగరేసిన చొక్కా ఉందే, అది ఆ పిల్ల పడ్డ బాధకు రుజువు! చొక్కాలు మాయం చేశారని ఆమె రాసిందా లేదా? మాయం చేశారు గనకే ఒంటిమీద ఆకుపచ్చ ఉంది. తను కూర్చుని ఎంతో తెలివిగా, ఎంతో పొందికగా, దెబ్బలు తిన్నదాన్నే దొంగను చేస్తూ రెండు పేజీలు నింపింది. దాన్‌బీకి ఒకేసారి కేకలు వేయాలనీ, సిగ్గుతో తల బాదుకోవాలనీ అనిపించింది.

“ఆ పిల్ల నీలం చొక్కాలు ఏమయ్యాయో తెలుసా అవ్వా?”

“రెండింటి సంగతి తెలీదు. ఒకటి నా దగ్గరికే వచ్చింది.”

“మీ దగ్గరికా!”

“అరవకు, సూది గుచ్చుకుంటుంది.” అవ్వ లేచి, పై అరమీది నుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దించింది. నీలంరంగు గుండ్రటి రేకు డబ్బా, మూత తుప్పు పట్టింది. “బట్ట మీద పేరు విప్పితే నేను పారెయ్యను. మనిషి పేరు చెత్తలో వెయ్యకూడదని మా అమ్మ చెప్పింది. పెళ్ళిళ్ళై, చదువులై ఎక్కడెక్కడో ఉన్నారు గానీ, ఈ ఊరి ఆడపిల్లలంతా ఇందులో ఉన్నారు.”

మూత తీస్తే లోపల వందల పేరు పట్టీలు. బొటనవేలంత వెడల్పున్న గుడ్డముక్కలు, వాటిమీద తెల్లదారంతో పేర్లు. అవ్వ తొందరపడలేదు. రంగుల వారీగా దారంతో కట్టిన కట్టల్లోంచి ఒక నీలం కట్ట తీసింది, ముడి విప్పింది, ఒక్కొక్కటే బల్లమీద పరిచింది. పన్నెండోది దాన్‌బీ ముందుకు జరిపింది.

ప్యోన్ చోరోంగ్.

అంచుల్లో పాత కుట్టు చిల్లులు అలాగే ఉన్నాయి. దాన్‌బీ దాన్ని ముట్టుకోవడానికి భయపడింది.

“ఎవరో ఒక పిల్ల ఈ నీలం చొక్కా తెచ్చి, పేరు విప్పి తన పేరు కుట్టమంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నామంది. నేను నమ్మాను. తర్వాత మూడోసారి ఈ చోరోంగ్ వచ్చినప్పుడు గానీ నాకు తట్టలేదు.”

“ఎవరు తెచ్చారు?”

“టీవీలో నూడుల్స్ తింటుంది చూడు, ఆ పిల్ల.”

ఇక్కడ ఇంకెవరైనా అయితే ఎగిరి ఫోన్ తీసేవాళ్ళు. దాన్‌బీ తీయలేదు. కోడి వేపుళ్ళ పొట్లం గుర్తొచ్చింది. “అవ్వా, కోప్పడకండి. ఈ మధ్య టీవీలో ఈ గొడవంతా చూసి మీకిప్పుడు అలా అనిపిస్తోందేమో?”

అవ్వకు నిజంగానే కోపం వచ్చింది. “ఏ గొడవ? నాకు టీవీలో డ్రామాలు తప్ప ఇంకేమీ తెలీదు. ఏమే, నువ్వు చెప్పవే దీనికి!”

ఇస్త్రీ చేస్తున్న కోడలు నవ్వింది. “పదేళ్ళ నుంచీ అదే పాటండీ. ఆ సెరిన్ మొదటి డ్రామా వచ్చిన రోజు నుంచీ, ఆమె కనిపించినప్పుడల్లా ‘ఈ పిల్లకు నేను వేరేవాళ్ళ చొక్కా మీద పేరు కుట్టాను, అలా కుట్టకుండా ఉండాల్సింది’ అంటారు. వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. మా చుట్టాలందరికీ తెలుసు, కావాలంటే ఎవర్నైనా అడగండి.”

పదేళ్ళు! గొడవ మొదలై తొమ్మిది రోజులు. గొడవ పుట్టకముందే చెప్పిన మాటను గొడవ చూసి కల్పించారనడానికి వీల్లేదు. దాన్‌బీకి ఇక పట్టలేనంత సంతోషం వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇద్దరు చుట్టాల ఫోన్ నంబర్లు తీసుకుని అక్కడికక్కడే మాట్లాడింది. ఇద్దరూ విడివిడిగా అదే మాట చెప్పారు. ఒకావిడైతే “ఇప్పటికైనా ఎవరైనా అడిగారా, మేం వినలేక చచ్చాం” అంది. పట్టీని వెనకా ముందూ ఫొటోలు తీసింది. టైం నాలుగూ యాభై.

అప్పుడే ఫోన్ మోగింది. తక్ సార్.

“దాన్‌బీ! అవ్వా లేదు, గివ్వా లేదు, ఇంక వచ్చెయ్. అయిపోయింది. ఒప్పుకుంది!”

“ఎవరు సార్?”

“ఇంకెవరు, చోరోంగ్! క్షమాపణ ఉత్తరం. తన చేత్తో రాసి సంతకం పెట్టింది. సెరిన్ కంపెనీ ఇప్పుడే బయటపెట్టింది. చూడు, పంపాను.”

తెల్లకాగితం మీద, తప్పు చేసినవాళ్ళు ఈ దేశంలో ఎప్పుడూ రాసే పద్ధతిలో, ఒక్క కొట్టివేత లేకుండా గుండ్రటి అక్షరాలు. ‘నేను ఆ బడిలో చదవలేదు. రికార్డు నేను తయారుచేసిందే. ఆకుపచ్చ చొక్కా పాత బట్టల యాప్‌లో కొని, పేరు కుట్టించుకుని, ఫొటోను కంప్యూటర్లో కలిపాను. సెరిన్ గారి మనసు కష్టపెట్టినందుకు తలవంచి క్షమాపణ కోరుతున్నాను.’

అవ్వ పక్కనుంచి మెడ చాచి చదివింది. “యాప్‌లో కొన్నదా? నేనిచ్చిన చొక్కాను యాప్‌లో కొన్నానంటుందా? ఎవరే ఇది రాసింది?”

“ఎవరా గొంతు?” అన్నాడు తక్ సార్.

“ఆ చొక్కా మీద పేరు కుట్టినావిడ సార్. ఆ వ్యాసం వేయొద్దు. ఈ ఒప్పుకోలే అబద్ధం.”

“నీకేమైనా పిచ్చి పట్టిందా? మనిషే ఒప్పుకుంటే, కాదని చెప్పడానికి నువ్వెవరివి?”

“మీకో ఫొటో పంపాను, చూడండి. నీలం పట్టీ. ఈ ఊళ్ళో పదిహేనేళ్ళుగా డబ్బాలో ఉంది. చదవని బడిలో ఆమె పేరు ఎలా కుట్టారు సార్? ముగ్గురు వేరేవేరేగా పదేళ్ళ కిందటి మాట చెప్పారు. ఈసారి ముగ్గురూ ఒక్కరు కాదు. నేను వాళ్ళతో మాట్లాడాను, ఒకళ్ళు నా ఎదురుగానే ఉన్నారు.”

ఎదుటివాళ్ళ గొంతులో భయమెప్పుడుందో, అత్యాశ ఎప్పుడుందో కనిపెట్టడం తక్ సార్‌కు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆమె గొంతులో ఆ రెండూ లేవు. “నీ పేరుమీద వెళ్ళాల్సిన వ్యాసం. నువ్వు ఆపమంటే ఆపుతాను,” అన్నాడు చివరికి. “కానీ ఇంకొకటుంది. ఆ ఉత్తరం ఉన్నంతసేపూ నీ పట్టీని ఎవరూ నమ్మరు. ఆరింటికి కంపెనీ వాళ్ళు విలేఖరులను పిలిచి ఆ ఉత్తరం చదివిస్తారట. చదివాక ఆ పిల్ల జన్మంతా అబద్ధాలకోరే. ఈలోగా దాని నోట ఒక్క మాట తే.”

గంట. దాన్‌బీ చోరోంగ్‌కు ఫోన్ చేసింది. మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఆగింది. నోటీసు అందినప్పటి నుంచీ ఇదే వరస. మూడోసారి చెయ్యలేదు. మాటలేవీ రాయకుండా నీలం పట్టీ ఫొటో ఒక్కటే పంపింది.

అవ్వ మిషను ఆపేసింది, కోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఫోన్ మోగింది.

“ఇది… ఎక్కడ దొరికింది?” సన్నటి గొంతు. పక్కన ఎవరో ఉన్నట్టు ఆచితూచి మాట్లాడుతోంది.

“కన్నాన్ అవ్వ తన డబ్బాలో, నీలం పట్టీల కట్టలో దాచి ఉంచారు. చోరోంగ్ గారూ, నేను మిమ్మల్ని ఉత్తరం గురించి అడగను. ఒక్కటే అడుగుతాను. ఆకుపచ్చ చొక్కా మీకెవరిచ్చారు?”

పదిహేనేళ్ళుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా తెగినట్టు, ఏడుపు. “అవ్వ… అవ్వ ఉందా ఇంకా? నన్ను గుర్తుపట్టిందా? నేను లేనేలేనని వీళ్ళంతా… నేనక్కడ చదవనే లేదని, అంతమంది అంటుంటే, ఒకోసారి నాకే అనుమానమొచ్చేదండీ.”

అవ్వ ఫోన్ లాక్కుంది. “ఏమే పిచ్చిదానా! ఎవరు రాయమన్నారే ఆ కాగితం? నేనింకా బతికే ఉన్నాను కదే!”

“నిజం రాసినా కేసు వేయొచ్చట అవ్వా. అమ్మ దుకాణం మీదికి జనం వస్తున్నారు. సంతకం పెడితే అన్నీ ఆగిపోతాయన్నారు.” గొంతు ఇంకా తగ్గింది. “నేనిప్పుడు లాయరు గారి ఆఫీసులో ఉన్నాను. ఎదురుగా…”

ఎదురుగా ఎవరో ఆమె చెప్పలేదు. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో ‘వద్దు మేడమ్, ఇవ్వండి’ అంటున్న మగగొంతు. అవతల ఫోన్ చేతులు మారింది. దాన్‌బీ అవ్వ చేతిలోంచి ఫోన్ తీసుకుని చెవికి ఆనించింది.

“విలేఖరి గారూ.” టీవీలో రోజూ వినే గొంతే. కానీ అందులో ఆ నవ్వు లేదు. “నేను సెరిన్‌ని. ఆ పట్టీ ఉన్న డబ్బా ఇంకా తెరిచే ఉందా?”

“ఉంది.”

“అయితే మూయకండి. చోరోంగ్ పేరు దొరికిన కట్టలోనే, ఇంకా అడుగున చూడండి.” ఊపిరి పీల్చుకుంది. “ఆమె కంటే ముందు, నా చొక్కా మీది పేరు విప్పించారు.”

దాన్‌బీ అవ్వ కేసి చూసింది. అవ్వ మిగిలిన నీలం ముక్కలన్నీ బల్లమీద ఒక్కసారిగా గుమ్మరించి, అట్టడుగున అంటుకుపోయి ఉన్నదాన్ని గోటితో పైకి లేపింది. తెల్లదారం పసుపు పచ్చగా మారిపోయింది గానీ, పేరు చెక్కుచెదరలేదు.

యూ సెరిన్.

“ఇది విప్పించడానికి వచ్చింది ఎవరవ్వా?” అంది దాన్‌బీ.

అవ్వ కళ్ళజోడు తీసేసింది. తలుపు అద్దంలోంచి, రోడ్డుకు అవతల, బడి గేటు కేసి చూసింది. “పిల్ల కాదమ్మా,” అంది. “టీచరు.”

(సశేషం)